ఫిల్మ్ ప్రింట్‌కి డీపీఐ కాదు, మీడియా టైప్ చూడండి

నాచారంలో మా ఫ్రెండ్ ఒకడు టీషర్ట్‌లకి స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాడు. మొన్న ఒక కాలేజ్ ఫెస్ట్ ఆర్డర్‌కి, ఉప్పల్‌లో మా ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్ మీద వాడికి ఫిల్మ్ తీసిచ్చాను. డీపీఐ ఫుల్‌గా పెట్టా, మీడియా టైప్ మాత్రం ప్లెయిన్ పేపర్‌లోనే వదిలేశా.

టేబుల్ మీద పెట్టి చూస్తే నలుపు బాగానే ఉంది. కానీ స్క్రీన్ ఎక్స్‌పోజ్ చేసి కడిగితే సన్న అక్షరాలు తెరుచుకోలేదు. ఇంకు పల్చగా పడటంతో యూవీ వెలుతురు దూరి, అక్కడి ఎమల్షన్ కూడా గట్టిపడిపోయింది. వాడికి ఒక రోజు పని పోయింది, తప్పు నాది.

నా ఉద్దేశంలో అసలు సెట్టింగ్ మీడియా టైపే. ఎంత ఇంకు పడాలో ప్రింటర్ దాన్ని బట్టే లెక్కేస్తుంది. స్క్రీన్ పాజిటివ్‌కి వెలుతురు ఆగాలి, కాబట్టి ఇంకు ఎక్కువ పడే ఫోటో పేపర్ సెట్టింగ్ ట్రై చేయండి. ప్రొజెక్టర్ షీట్‌కి వెలుతురు దాటాలి, అక్కడ ట్రాన్స్‌పరెన్సీ ఆప్షన్ నయం. బ్యాక్‌లిట్ ఫిల్మ్‌లో వెనక లైట్ వేయగానే రంగులు వెలిసినట్టుంటాయి, ఇంకు పెంచాల్సిందే. ఏదైనా సరే, కోటింగ్ ఉన్న వైపే ప్రింట్ చేయాలి.

ముందు చిన్న ముక్క ప్రింట్ తీసి, టేబుల్ మీద కాదు, లైట్‌కి ఎదురుగా పట్టి చూడండి. ప్రింటర్ కొనేటప్పుడు కూడా డీపీఐ కన్నా ముందు మీడియా టైప్ లిస్ట్ చదవండి.