మతం అడిగే రేటింగు చెల్లదు

2019 అక్టోబరులో, హైదరాబాద్ పాతబస్తీలో, ఉప్పుగూడకు కూతవేటు దూరంలోని అలియాబాద్‌లో ఉండే ఒక వినియోగదారుడు ఫలక్‌నుమాలోని హోటల్ నుంచి స్విగ్గీలో చికెన్-65 తెప్పించుకున్నాడు. కారం బాగా తగ్గించమని రాశాడు. ఆ పక్కనే, తెచ్చే మనిషి హిందువై ఉండాలని, తానిచ్చే రేటింగు దాన్నిబట్టే ఉంటుందని కూడా రాశాడు. పార్సిల్ పట్టుకొచ్చిన వ్యక్తి ముస్లిం. వినియోగదారుడు పార్సిల్ తీసుకోనన్నాడు. ఆ డెలివరీ కార్మికుడు షాలిబండ పోలీసుస్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు. అప్పట్లో వార్తలొచ్చాయి, ఖండనలొచ్చాయి, నాలుగు రోజుల్లో అందరూ మరచిపోయారు. దాన్ని మరచిపోవడానికి మేం సిద్ధంగా లేం.

ఆ షరతు పెట్టడం తప్పు. అలాంటి షరతును రాయనిచ్చి, కార్మికుడి ఫోను దాకా మోసుకెళ్లి, ఆ తర్వాత సంజాయిషీతో సరిపెట్టిన కంపెనీది అంతకన్నా పెద్ద తప్పు. ఇన్నేళ్లయినా దీనికి ఒక చట్టం తేలేకపోయిన ప్రభుత్వాలది అన్నిటికన్నా పెద్దది. మా తీర్పు ఇదే.

ఈ ఉదంతంలో అందరూ మతం మాట పట్టుకున్నారు, రేటింగు మాట వదిలేశారు. అసలు కత్తి రేటింగులో ఉంది. డెలివరీ కార్మికుడికి మేనేజరు ఉండడు, ఆఫీసు ఉండదు, తన మాట చెప్పుకోవడానికి ఒక మనిషంటూ ఉండడు. ఉన్నదల్లా ఫోను తెర మీద ఆర్డరు, చిరునామా, వినియోగదారుడి సూచన, ఆపైన వచ్చే నక్షత్రాలు. ఆ నక్షత్రాలు తగ్గితే ఆర్డర్లు తగ్గుతాయని, ప్రోత్సాహకం చేజారుతుందని బండి నడిపే ప్రతి ఒక్కరూ భయపడతారు. వీధిలో ఎవరో మతం పేరుతో తిడితే అది అవమానం. అదే తిట్టును రేటింగుతో ముడిపెడితే మనిషి పొట్టకొట్టే అధికారం అవుతుంది. ఆ అధికారాన్ని అలియాబాద్ వినియోగదారుడు సొంతంగా సంపాదించుకోలేదు. కారం తగ్గించమని రాసుకోవడానికి పెట్టిన పెట్టెలో, ఎవరు ఏం రాసినా ఆపే నాథుడు లేకుండా, కంపెనీయే దాన్ని అతని చేతికిచ్చింది.

కంపెనీ ఆనాడు ఇచ్చిన జవాబు చదివితే నేటి వృత్తి ప్రపంచపు జబ్బు అర్థమవుతుంది. అభిప్రాయాల్లోని వైవిధ్యాన్ని తాము ఆదరిస్తామని, అందరి ఇష్టాయిష్టాలనూ గౌరవిస్తామని, ఆర్డర్లు దూరాన్నిబట్టి యంత్రం కేటాయిస్తుందని, ఎవరిపట్లా వివక్ష చూపబోమని ఆ ప్రకటన సారాంశం. ఆర్డరు కేటాయింపు గురించి చెప్పింది నిజమే, ఆ కార్మికుడికి ఆర్డరు అలాగే వచ్చింది. కానీ ముస్లిం వద్దనడం కూడా గౌరవించదగిన ఇష్టాల జాబితాలో చేరిందా? వైవిధ్యం అనే మాటను పుట్టించింది గడప బయట నిలబెట్టిన మనిషి కోసం. గడప లోపలివాడి అయిష్టాన్ని కాపాడటానికి దాన్ని వాడుకోవడం ఆ మాటకు జరిగిన ద్రోహం.

2022 ఆగస్టులో మళ్లీ అదే నగరం, అదే కంపెనీ, అదే షరతు. ముస్లిం డెలివరీ మనిషి వద్దని వినియోగదారుడు రాసిన సూచనను తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ బయటపెట్టి, కంపెనీ తన వైఖరి చెప్పాలని అడిగారు. మూడేళ్లలో ఆ పెట్టెకు ఒక అడ్డుకట్ట వేయడం సాంకేతికంగా చేతకాని పనా? బూతు మాటను పట్టుకోగల యంత్రం మతం పేరును పట్టుకోలేదంటే మేం నమ్మం.

జొమాటో కథ కొంత మెరుగు, కొంత హెచ్చరిక. 2019 జులైలో జబల్‌పూర్ వినియోగదారుడొకరు ముస్లిం డెలివరీ మనిషి వద్దని ఆర్డరు రద్దు చేసుకుంటే, కంపెనీ ఆయనకు తలొగ్గలేదు, తిండికి మతం లేదని బహిరంగంగా చెప్పింది. ధైర్యమైన మాటే. అదే కంపెనీ 2024 మార్చిలో శాకాహార ఆర్డర్లకు ప్రత్యేక దళం, ఆకుపచ్చ దుస్తులు అని ప్రకటించింది. మామూలు ఎర్ర చొక్కా వేసుకున్నవాణ్ని అపార్టుమెంటు సంఘాలు గేటు దగ్గరే ఆపేస్తాయన్న భయం వ్యక్తమైంది. మర్నాటికల్లా ఆకుపచ్చ చొక్కా వెనక్కి పోయింది, అందరికీ ఎరుపే అన్నారు. తప్పు దిద్దుకున్నందుకు అభినందించాల్సిందే. కానీ తిండికి మతం లేదన్న సంస్థకు, మన నగరాల్లో గేటు దగ్గర చొక్కా రంగు చూసి మనిషిని వేరుచేస్తారన్న ఎరుక ముందే ఎందుకు లేకపోయింది? ఆ నిర్ణయం తీసుకున్న గదిలో గేటు దగ్గర ఆగిన అనుభవం ఉన్నవాళ్లు లేకపోవడమే కారణమై ఉండాలి. వైవిధ్యం కావాలనడానికి ఇంతకన్నా పనికొచ్చే కారణం మాకు కనిపించదు.

డెలివరీ బండి దగ్గర పచ్చిగా కనిపించింది, ఏసీ గదిలో పాలిష్ పట్టి కనిపిస్తుంది. ఉప్పుగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కిన పిల్ల రైలు మారకుండా హైటెక్ సిటీలో దిగగలదు. పట్టాలు ఎప్పుడో ఆ రెండు ఊళ్లనూ కలిపాయి. ఇంటర్వ్యూ గది కలపలేదు. ఎక్కడుంటారు అని అడిగి, పాతబస్తీ అన్న జవాబు విన్నాక ఎదుటివారి ముఖం మారడం ఇక్కడి చదువుకున్న పిల్లలకు కొత్త కాదు, వాళ్లు హిందువులైనా ముస్లింలైనా. మహంకాళి బోనాలు ఎత్తుకునే ఇల్లూ, పక్కనే రంజాన్ ఉపవాసాలుండే ఇల్లూ ఒకే పిన్‌కోడులో ఉంటాయి. అనుమానం ఆ పిన్‌కోడు మొత్తాన్నీ కమ్ముకుంటుంది. ఇది ఊహాజనిత ఫిర్యాదు కాదు. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను అప్పులివ్వకూడని ప్రాంతాలుగా గీతగీసి పెట్టుకుంటున్నాయని 2006లో జస్టిస్ సచార్ కమిటీ దేశం ముందుంచిన నివేదికలో రాసింది.

ప్రతిభను మాత్రమే చూస్తాం, మరేదీ చూడం అనేవారు 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటీవెల్ ప్రచురించిన పరిశోధన చదవాలి. ప్రైవేటు ఉద్యోగాలకు పత్రికల్లో వచ్చిన 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. పోల్చి చూసిన దరఖాస్తుల్లో చదువు, అర్హత అన్నీ సమానం, తేడా పేర్లలోనే. ఉన్నత కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు అవకాశాల నిష్పత్తి మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. ఆ కాగితాల మీద పేరు తప్ప మనిషి లేడు. మనిషిని చూడకుండానే, మాట వినకుండానే, పని పరీక్షించకుండానే తలుపు మూసేశారు. అదే ఏడాది అచ్చయిన మరో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలో పాతిక మంది హెచ్ఆర్ అధికారులతో మాట్లాడారు. కులం చూడం, ప్రతిభే చూస్తాం అన్న నోళ్లే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం తప్పక అడుగుతామన్నాయి. మీ నాన్నగారు ఏం చేస్తారు, మీది ఏ ఊరు, ఇంట్లో ఎంతమంది? మన ఆఫీసుల్లో ఈ ప్రశ్నలు ఎంత సహజంగా వస్తాయో చదివేవారికి చెప్పనక్కర్లేదు. పలకరింపుగా అడిగితే తప్పులేదు. ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని తేల్చే బల్లకు ఇటువైపు కూర్చుని అడిగితే అది పలకరింపు కాదు, జల్లెడ.

సముద్రం దాటినా ఇది వదల్లేదు. సిస్కోలో దళిత ఇంజినీరు పట్ల వివక్ష జరిగిందంటూ కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ 2020లో కేసు వేసింది. సిస్కో అధికారులిద్దరి మీద ఆరోపణలను 2023లో ఉపసంహరించుకున్నా, కంపెనీ మీద కేసు నిలిచింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును మాత్రం ఆ ఏడాది అక్టోబరులో గవర్నరు న్యూసమ్, ఉన్న చట్టాలు చాలంటూ తిప్పిపంపారు. తెలుగువారికి ఇది పొరుగింటి గొడవ కాదు. అక్కడి తెలుగు సంఘాల్లో పదవుల దగ్గర కులం లెక్కలు ఎలా నడుస్తాయో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. 2022 ఏప్రిల్‌లో గూగుల్‌లో దళిత హక్కుల కార్యకర్త తేన్మొళి సౌందరరాజన్ ప్రసంగాన్ని, కొందరు ఉద్యోగులు తమ మనోభావాలకు, భద్రతకు ముప్పని అభ్యంతరం చెప్పాక, రద్దు చేశారు. వివక్ష గురించి మాట్లాడటమే వివక్ష అయిపోయింది. బలహీనుడికి రక్షణగా తెచ్చిన మాటలను బలవంతుడు ఎంత తేలిగ్గా తొడుక్కోగలడో చూడండి.

అందుకే పొలిటికల్ కరెక్ట్‌నెస్ మీద నడుస్తున్న పోట్లాటలో ఇరుపక్షాలకూ మేం దూరం. నోరు తెరిస్తే తప్పుపడుతున్నారని వాపోయేవారి బాధలో కొంత నిజముంది. ఏదో పాతకాలపు మాట దొర్లిన ఉద్యోగిని పదిమందిలో నిలబెట్టి చీల్చిచెండాడటం, ముక్కూమొహం తెలియని వినియోగదారుడి ఇంటి చిరునామా ఊరంతా చాటడం న్యాయం కాదు. వాటివల్ల ఒక్క ముస్లిం పేరుకు కూడా అదనంగా ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. కానీ ఆ వాపోయేవారిలో ఎక్కువమంది కోరేది మాట్లాడే స్వేచ్ఛ కాదు, మాటకు జవాబుదారీ లేకుండా పోవడం. అటుపక్క సరైన పదాలు నేర్పే శిక్షణ తరగతులు పెట్టి, ఏడాదికోసారి పోస్టరు అంటించి, ఎంపిక జాబితా మాత్రం ముట్టుకోని కంపెనీలు చేసేది కంటితుడుపు. మర్యాద నేర్చుకున్న వివక్షను పట్టుకోవడం మరీ కష్టం.

ఈ నగరంలోనే, హైటెక్ సిటీకి ఆ చివర, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. అతనితో సహా హాస్టల్ నుంచి బయటికి పంపేసిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆవరణలో వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి చర్చ దేనిమీద నడిచింది? అతను దళితుడా కాదా అన్నదానిమీద. 2024లో పోలీసుల ముగింపు నివేదిక కూడా ఆ ప్రశ్ననే ముందుకు తెచ్చింది. ఏం జరిగింది అన్న ప్రశ్న వెనక్కిపోయి, బాధపడే అర్హత నీకుందా అన్న విచారణ ముందుకొచ్చింది. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సందర్భం ఒక మేధావి సమాజానికి ఉంటుందని మేం అనుకోం.

నా డబ్బు, నా ఇష్టం అనే వాదానికి సూటిగా జవాబు చెప్పాలి. ఏం తినాలన్నది మీ ఇష్టమే. శాకాహార వంటశాల నుంచే తెప్పించుకోండి, ఉపవాసం ఉండండి, మడి కట్టుకుని ఇంట్లో వండుకోండి, ఎవరూ అడ్డురారు. ఒక సేవను నలుగురితోపాటు కొనుక్కుంటూ, ఆ సేవ చేసే మనిషి పుట్టుకను ఎంచుకునే హక్కు మాత్రం మీరు చెల్లించే డబ్బులో లేదు. దుకాణాల్లో, హోటళ్లలో మతం, కులం పేరిట ఎవర్నీ అడ్డుకోకూడదని రాజ్యాంగం 15(2) అధికరణం పౌరులకు కూడా చెప్పింది. కొనేవాణ్ని కాపాడిన ఆ విలువ మోసుకొచ్చేవాణ్ని కాపాడకపోతే ఎలా?

పాతబస్తీని కూడా విడిచిపెట్టం. మావాళ్లనే పనిలో పెట్టుకుంటాం అనే దుకాణదారులు షాలిబండలోనూ ఉన్నారు, లాల్‌దర్వాజాలోనూ ఉన్నారు. డ్రైనేజీ తీయడానికి వచ్చినవాడికి విడిగా గ్లాసు పెట్టే ఇళ్లు రెండు మతాల్లోనూ ఉన్నాయి. సమాజంలో తాము బాధితులమన్నది తమ గడప దగ్గర చేసే అన్యాయానికి మినహాయింపు ఇవ్వదు.

ఇక చట్టం సంగతి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. హెచ్ఐవీ ఉన్నవారిని ఉద్యోగంలో వేరుగా చూడరాదని 2017 చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను వేరుగా చూడరాదని 2019 చట్టం చెప్పాయి. మతం కారణంగా ఉద్యోగం నిరాకరించిన ప్రైవేటు యజమానిని నిలదీసే చట్టం మాత్రం లేదు. 16వ అధికరణం సర్కారు కొలువుల దగ్గరే ఆగిపోతుంది. సమాన అవకాశాల కమిషన్ కావాలని సచార్ కమిటీ అడిగింది. మాధవ మేనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లో దానికి నమూనా బిల్లు కూడా రాసి ఇచ్చింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ కాగితాలకు దుమ్మే పట్టింది. మైనారిటీల ఓట్లడిగిన పార్టీలు కూడా ఈ బాధ్యత నుంచి తప్పించుకోలేవు.

తెలంగాణ ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. కార్మిక సంక్షేమం ఉమ్మడి జాబితాలోది. గిగ్ కార్మికులకు రాజస్థాన్ 2023లోనే చట్టం చేసింది, మన రాష్ట్రం 2025 ఏప్రిల్‌లో ముసాయిదా ప్రజల ముందుంచింది. బీమా, సంక్షేమ నిధి అవసరమే, వాటితోపాటు వివక్ష మీద పదునైన నిబంధన ఉండి తీరాలి. మతం, కులం కోరే సూచనను కంపెనీ అక్కడికక్కడే తిరస్కరించాలి. అటువంటి ఖాతా నుంచి వచ్చిన రేటింగు కార్మికుడి లెక్కలో చేరకూడదు. మళ్లీ రాస్తే ఖాతా మూసెయ్యాలి. తిరిగి వచ్చిన పార్సిల్‌కు కార్మికుడి కూలి పూర్తిగా చెల్లించాలి. ఇలాంటి సూచనలు ఎన్ని వచ్చాయో, ఏం చేశారో ఏటా కార్మిక శాఖకు చెప్పాలి.

ఆఫీసుల విషయంలో నాస్కామ్, హైసియా వంటి ఐటీ కంపెనీల సంఘాలు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. దరఖాస్తు మొదటి వడపోతలో పేరు, చిరునామా, తండ్రి వృత్తి కనిపించకుండా చేయమని తమ సభ్య కంపెనీలకు రేపే చెప్పవచ్చు. పాతబస్తీ పిన్‌కోడ్ల నుంచి ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎంతమందిని పిలిచారు, ఎంతమందిని తీసుకున్నారు అన్న మూడు అంకెలను ప్రతి కంపెనీ తన వార్షిక నివేదికలో వైవిధ్యం గురించి రాసుకునే పేజీలోనే అచ్చువేయాలి.