అటక మీది విత్తనం కోళ్ల పాలు

పోయిన సార్వా కోతలప్పుడు ఎర్రకాలువ పక్క ఊళ్లలో ముంపు చేలు చూడటానికి వెళ్లాను. ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మాటల్లో ఆయన తన చిన్నతనంలో వేసిన వరి సంగతి ఎత్తారు. "పొట్టి గింజ, ఎర్ర బియ్యం. పది రోజులు మునిగినా చేను చచ్చేది కాదు బాబూ. నీరు తీశాక మళ్లీ ఆకేసేది" అన్నారు. విత్తనం ఏమైనా మిగిలిందాండీ అని అడిగాను. "మా ఆవిడ ఉన్నన్నాళ్లూ ఏటా గట్టు వారన నాలుగు వరసలు వేయించి, ముంతలో పోసి అటక ఎక్కించేది. ఆవిడ పోయిన ఏడాది ఇంటికి సున్నాలేస్తుంటే మా అబ్బాయి దించి కోళ్లకు పోసేశాడు" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే చెప్పారు.

ఆ అబ్బాయిని తప్పుపట్టే మొహం నాకు లేదు. పాత విత్తనం వదలండి, కొత్త వంగడం వేయండి అని ఏళ్ల తరబడి రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. రాసింది అబద్ధమూ కాదు. కొత్త వంగడాలు రాకపోతే మన గాదెలు ఇలా నిండేవి కావు. కానీ రాయాల్సింది సగమే రాశాం. ఆ కొత్త వంగడంలోని మంచి గుణం ఎక్కడి నుంచి వస్తుందో రాయలేదు.

స్వర్ణనే తీసుకోండి. మన మారుటేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన 7029 రకం. మన జిల్లా దాటి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకింది. ఎరువు తక్కువేసినా పండుతుందని పేరు. ఒక్కటే లోపం, మునిగితే చస్తుంది. నీటి కింద పడ్డ పైరు పైకి తేలాలని ఆత్రంగా సాగుతుంది, ఉన్న బలమంతా అందులోనే ఖర్చు చేసుకుంటుంది. నీరు తీసేసరికి మెత్తబడి పడిపోతుంది. మీ చేలో మీరే చూసి ఉంటారు.

దీనికి మందు ఏ డబ్బాలోనూ దొరకలేదు. ఒడిశా పల్లపు చేలల్లో రైతులు పండించుకునే ఒక పాత వరిలో దొరికింది. దాని నుంచి ఏరి తీసినదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎఫ్.ఆర్. 13ఎ. తినడానికి రుచీ లేదు, దిగుబడీ లేదు. కానీ మునిగినప్పుడు అది ఎదుగుదల ఆపేసి కదలకుండా పడి ఉంటుంది, బలం దాచుకుంటుంది. నీరు పోయాక మళ్లీ చిగురు వేస్తుంది. ఆ గుణానికి కారణమైన జన్యువును 2006లో గుర్తించారు. దాన్ని స్వర్ణలోకి ఎక్కించి 2009లో స్వర్ణ సబ్-1 అని విడుదల చేశారు. రెండు వారాల దాకా ముంపు తట్టుకుంటుంది. అడ్డెడు వడ్లు తక్కువ వస్తున్నాయని ఆ ఒడిశా రైతులు దాన్ని ముందే వదిలేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మా పెద్దాయన చెప్పిన ఎర్ర వరిలో ఉన్నది అదే గుణం కావచ్చు, ఇంకోటి కావచ్చు, వట్టి జ్ఞాపకమే కావచ్చు. గింజ ఉంటే మడి కట్టి, ముంచి చూసేవాళ్లు. ఇప్పుడు తేల్చేదెలా?

సాంబ మసూరి కథా ఇలాంటిదే. బాపట్ల నుంచి 1986లో వచ్చిన 5204. అన్నం ఎంత బాగుంటుందో చేను అంత సుకుమారం, ఎండాకు తెగులు తగిలితే తెల్లబారిపోతుంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం, సీసీఎంబీ కలిసి 2008లో తెగులు తట్టుకునే సాంబ మసూరిని ఇచ్చాయి. అందులో పెట్టిన మూడు జన్యువుల్లో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. మనవాళ్లెవరూ చూడని దేశంలో, ఎవరూ సాగు చేయని గడ్డి లాంటి వరి అది. ఇంకో మాట. స్వర్ణకూ సాంబకూ ఇద్దరికీ పూర్వీకురాలు మలేషియా నుంచి వచ్చిన మసూరి. పేరులోనే ఉన్నా మనం గమనించం.

పంటలకు పుట్టిల్లు ఉంటుందని, ఆ పుట్టింటి చుట్టుపక్కలే రకాలూ అడవి చుట్టాలూ ఎక్కువగా దొరుకుతాయని పట్టి చెప్పినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్. 1926లో పుస్తకం రాశాడు. గుర్రాల మీద, కంచరగాడిదల మీద ఆఫ్ఘనిస్తాన్, ఇథియోపియా తిరిగి గింజలు ఏరాడు. వరి పుట్టిల్లు మన దేశమే అన్నాడాయన. ఇప్పుడు చైనాలోని యాంగ్జీ నది లోయను ముందు చెబుతున్నారు. అయినా మన దేశంలో ఉన్నన్ని వరి రకాలు, అడవి వరులు చాలా చోట్ల లేవు.

మన వంటింట్లో చూస్తే సగం చుట్టాలే. మిరప, మొక్కజొన్న మెక్సికో వైపు నుంచి వచ్చాయి. వేరుశనగ, పొగాకు దక్షిణ అమెరికావి. జొన్న, చోళ్లు ఆఫ్రికావి. కంది మాత్రం మనదే, దాని అడవి చుట్టం ఒడిశా, బస్తర్ కొండల్లో ఇప్పటికీ ఉంది. వంకాయ, మినుము, పెసర, ఉలవ ఈ దేశపు బిడ్డలే. 2010లో కేంద్రం బీటీ వంగను ఆపినప్పుడు వంగకు మన దేశం పుట్టిల్లన్న మాట కూడా చర్చలో గట్టిగానే వచ్చింది.

పుట్టింటి సంగతి ఎందుకంటారా? 2021లో మిరప చేలల్లో నల్ల తామర పురుగు పడి పూతంతా రాలగొట్టింది. కొట్టిన మందు మళ్లీ కొట్టి అప్పులపాలైనవాళ్లు మీలోనే ఉన్నారు. అలాంటి పురుగును తట్టుకునే గుణం వెతకాలంటే మిరప పుట్టిన చోట్ల నుంచి సేకరించిన రకాల్లోనూ వెతకాలి. మన కందికి రేపు కొత్త తెగులు వస్తే ప్రపంచం మన కొండల వైపు చూడాలి. అక్కడ అడవి కొట్టేశాక చూసి ఏం లాభం?

వావిలోవ్‌ను సొంత ప్రభుత్వమే 1940లో పట్టుకుని జైల్లో పెట్టింది. 1943 జనవరిలో జైల్లోనే పోయాడు. ప్రపంచానికి తిండి గింజలు సేకరించినవాడు తిండి లేక చిక్కి పోయాడు. ఆ మధ్యలోనే జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టింది. ఆయన సంస్థలో టన్నుల కొద్దీ గింజలుండగా కాపలా ఉన్న శాస్త్రజ్ఞులు కొందరు ఆకలితో చనిపోయారు. వరి గింజలకు కాపరి అయిన దిమిత్రి ఇవనోవ్ చుట్టూ వేల వడ్ల పొట్లాలు ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు.

మనల్ని అంత అడగడం లేదు. రెండు సెంట్లు చాలు.

పాత రకాలన్నీ మళ్లీ వేసేయండి అని నేను చెప్పను. కౌలు కట్టి, అప్పు తెచ్చి చేసేవాడికి ఎకరాకు పది బస్తాలు తగ్గే పంట వేయమనడం న్యాయం కాదు. 1061, 1064, 1318 మీ ఇష్టం, వేసుకోండి. నల్ల బియ్యం, ఎర్ర బియ్యం అని ఎక్కడెక్కడి విత్తనమో కిలో వందలు పోసి తెచ్చే మోజు కూడా చూస్తున్నాను. దాంట్లో తప్పు లేదు గాని, మన ఊరి అటక మీది ముంతను కోళ్లకు పోసి పక్క రాష్ట్రపు గింజకు డబ్బు కట్టడం ఏం తెలివో!

ప్రభుత్వం శీతల గదుల్లో దాస్తోంది కదా అంటారు. నిజమే. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో లక్షకు పైగా నమూనాలున్నాయి. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ కేంద్రం ఉంది. కానీ సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన బ్యాంకు పని ఆగిపోతే, నార్వే మంచు గుహలో దాచిన జంట నకలును 2015లో వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. నకలు లేనివాళ్ల గతి ఏమిటి? పైగా శీతల గదిలో గింజ నిద్రపోతుంది. చేలో ఉన్న గింజ ఏటేటా వానతో, పురుగుతో పోరాడి మారుతూ ఉంటుంది. రెండూ ఉండాలి. చేలో కాపాడే రైతుకు ఎకరం నష్టం లెక్కగట్టి డబ్బివ్వడం ప్రభుత్వం పని. సన్మానం చేసి శాలువా కప్పితే సరిపోదు. జహీరాబాద్ వైపు దళిత మహిళలు పాత పంటల జాతర చేసి ఊరూరా విత్తనం తిప్పుతున్నారు. వాళ్లు చేసే పనిలో పావు వంతు మన డెల్టాలో జరగడం లేదు.

మీ ఇంట్లో గాని, మీ అత్తవారింట్లో గాని పాత విత్తనం ఉంటే ముందు దాని వయసు కనుక్కోండి. మన ఉక్కపోతలో వడ్లు రెండేళ్లు దాటితే మొలక పడిపోతుంది. వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూడండి. పది మొలిచినా పారేయకండి, కుండీలోనైనా పెంచండి. ఊళ్లో దాని పేరేమిటి, ఏ చేలో వేసేవారు, ఎన్నాళ్ల పంట అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి కాగితం మీద రాసి దానితో కట్టండి. ఆడవాళ్లను అడగండి, విత్తనం కట్టింది వాళ్లే. ఆపైన దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లండి. 2001 చట్టం కింద రైతు రకంగా మీ పేరు మీదే నమోదు చేయించుకోవచ్చు, దానికి రుసుము లేదు. మొత్తం ఇచ్చేయకండి. సగం మీ దగ్గరే ఉంచుకుని వచ్చే సార్వాకి గట్టు వారన నాలుగు వరసలు వేయండి.