బిల్లు సున్నా, లెక్క సున్నా కాదు

గత వేసవిలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన తరువాత, లింగాలలోని మా మసీదు వరండాలో ఒక యువకుడు వచ్చి నా ప్రక్కన కూర్చున్నాడు. “హజ్రత్, ఒక సందేహం. రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు బిల్లు రావడం లేదు కదా. మా ఇంట్లో 120 దాటదు. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే మాత్రం ఎవరి సొమ్ము పోతుంది? పైసా ఖర్చు కానప్పుడు అది ఇస్రాఫ్ ఎలా అవుతుంది?” అని అడిగాడు.

నేను బనీ ఇస్రాయీల్ సూరాలోని 26, 27 ఆయతులను గుర్తుచేశాను. దుబారా చేసేవారిని అల్లాహ్ షైతాను సోదరులుగా పేర్కొన్నాడని చెప్పాను. అతడు మర్యాదగా తల ఊపి లేచి వెళ్లాడు. కాని అతని సందేహం తీరలేదని ముఖమే చెప్పింది. అతడు అడిగింది దుబారా తప్పా, ఒప్పా అని కాదు. ఉచితంగా వచ్చినదానికి దుబారా అనే మాట వర్తిస్తుందా అని. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు.

పది రోజులు గడవకముందే మా ఇంటికి మే నెల బిల్లు వచ్చింది. వాడకం 214 యూనిట్లు.

గృహజ్యోతి పథకం 2024 మార్చి నుండి మన రాష్ట్రంలో అమలవుతున్నది. 200 యూనిట్లు దాటని అర్హులైన కుటుంబాలకు సున్నా బిల్లు వస్తుంది. దాటితే అదనపు యూనిట్లకు మాత్రమే కాదు, మొత్తం వాడకానికీ చెల్లించవలసి ఉంటుంది. పద్నాలుగు యూనిట్లు ఎక్కువైనందుకు మా బిల్లు 1,100 రూపాయలు దాటింది. మదర్సా జీతంతో నడిచే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. “మీటరు పాడైపోయింది” అని నేను విసుక్కున్నాను. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి నెమ్మదిగా, “అబ్బా, మీటరు మీద అనుమానపడే ముందు మన ఇంట్లో ఏది ఎంత తింటున్నదో చూద్దామా?” అన్నది.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్లం కాగితం, కలం పట్టుకొని కూర్చున్నాము. లెక్క కష్టమైనది కాదు. వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్. పాత రకం సీలింగు ఫ్యాను ఒక్కొక్కటి సుమారు 75 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు 14 గంటల చొప్పున నెలకు 94 యూనిట్లు. కూలరుకు 30. దీపాలకు, టీవీకి కలిపి 15. బోరు మోటారుకు మరో 15. మిగిలింది ఫ్రిజ్. దాని లెక్క మాకు తెలియలేదు. ఆ వారం ఒక వలీమాకు ఇంటిల్లిపాదీ అచ్చంపేట వెళ్లినప్పుడు, ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపి, మీటరు అంకె వ్రాసుకొని తాళం వేశాము. పన్నెండు గంటల తరువాత వచ్చి చూస్తే సరిగ్గా ఒక యూనిట్ పెరిగింది. అంటే రోజుకు రెండు, నెలకు 60. మీటరు అబద్ధం చెప్పలేదు.

ఫ్రిజ్ తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగమని మెకానిక్ చెప్పాడు. కాగితం సులువుగా జారి వచ్చింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ గట్టిపడిపోయి, చల్లదనం రాత్రింబగళ్లు బయటికి పోతున్నదన్నమాట. పైగా ఫ్రిజ్‌ను గోడకు ఆనించి పెట్టాము. వెనుకవైపు వేడి పోవడానికి చోటు లేదు. పట్టీ మార్పించి, జానెడు ముందుకు జరిపాము. క్రొత్తది కొనేవారు దానిపై అంటించిన నక్షత్రాల చీటీని చదవాలి. ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతుందో దానిమీదే అచ్చువేసి ఉంటుంది. వెల తక్కువని తెచ్చిన పాత ఫ్రిజ్ చివరకు ఎక్కువ వెలకే పడవచ్చు.

ఇక మోటారు. ట్యాంకు నిండి మెట్లమీదుగా నీళ్లు కారితేగాని మోటారు ఆపాలన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తురాదు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని, ఒక సా నుండి ఐదు ముద్ద్‌ల వరకు నీటితో గుసుల్ చేసేవారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ముద్ద్ అంటే రెండు చేతులు కలిపి పట్టిన ఒక దోసిలి. సా అంటే అటువంటివి నాలుగు. ఈ పాఠాన్ని నేను ఏటా పిల్లలకు చెబుతాను. కాని కుళాయి పూర్తిగా త్రిప్పి వుజూ చేసేటప్పుడు వృథా అయ్యేది నీరు ఒక్కటే కాదు, ఆ నీటిని భూమి అడుగునుండి పైకెత్తిన కరెంటు కూడా అని నాకు ఆ వేసవిలోనే తట్టింది. ఇప్పుడు ఫోనులో పదిహేను నిమిషాల అలారం పెట్టి మోటారు వేస్తున్నాము.

అందరం పడుకొనే గదిలో పాత ఫ్యాను తీసి బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టాము. అది సుమారు 30 వాట్లతోనే అంతే గాలినిస్తుంది. దాని వెల మూడు వేల వరకు ఉంటుంది కనుక మూడింటినీ ఒకేసారి మార్చలేకపోయాము. ఎక్కువసేపు తిరిగే ఫ్యానునే ముందు మార్చాము. ఆ ఒక్క మార్పుతో నెలకు 19 యూనిట్లు తగ్గాయి. మిగిలిన రెండింటిని గదిలో మనిషి లేనప్పుడు ఆపడం వల్ల మరో 18 తగ్గాయి. ఎండ తగ్గని జూన్ నెలలో మా వాడకం 156 యూనిట్లు.

ఏసీ ఉన్నవారు 24 డిగ్రీల వద్ద ఉంచి ఫ్యాను కూడా వేసుకుంటే చాలు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ చెబుతున్నది. స్లాబు ఇళ్లవారు మార్చిలోనే పైకప్పుకు తెల్లని సున్నం రెండు పూతలు వేయిస్తే రాత్రులు గది సెగలు క్రక్కదు. మన రాష్ట్రం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది కూడా ఇందుకే. వంటింట్లో పప్పును గంటసేపు నానబెట్టి, మూతపెట్టి వండితే గ్యాసు కలిసివస్తుంది.

సాధ్యమైనవారు సౌరశక్తి వైపు కూడా చూడవచ్చు. మన జిల్లాలోనే వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఇళ్లమీద సౌరఫలకాలు అమర్చారు. పీఎం సూర్యఘర్ పథకం క్రింద మూడు కిలోవాట్ల వరకు 78,000 రూపాయల రాయితీ ఉన్నది. కాని కారుతున్న కుండకు ముందు చిల్లు పూడ్చాలి, ఆ తరువాతనే ఎక్కువ నీళ్లు తేవాలి.

ఇక్కడ ఒక కటువైన మాట చెప్పక తప్పదు. 200 దాటకుండా ఉండేందుకు వేసవి రాత్రుల్లో కొందరు స్తంభం తీగకు కొండీ తగిలిస్తున్నారు. దీనికి ఏ పేరు పెట్టినా ఇది దొంగతనమే. 2003 విద్యుత్ చట్టం దీనికి మూడేళ్ల వరకు జైలుశిక్షను నిర్ణయించింది. ధర్మం దృష్టిలో ఇది అందరి సొమ్మును అపహరించడం. ఒకరి సొమ్ము తీసుకొంటే ఆ ఒక్కరిని క్షమాపణ అడగవచ్చు, అందరి సొమ్ము తీసుకొంటే ఎవరి ఇంటి తలుపు తడతాము? పైగా తడిచేతితో ఆ తీగను తాకే పసిబిడ్డ ప్రాణానికి పూచీ ఎవరు?

ఇప్పుడు ఆ యువకుని ప్రశ్నకు వస్తాను. బిల్లు మనకు రాకపోయినంత మాత్రాన బిల్లు లేదని కాదు. ఆ సొమ్మును ప్రభుత్వం ప్రజల ఖజానానుండి విద్యుత్ సంస్థకు చెల్లిస్తుంది. అగ్గిపెట్టె కొన్న కూలీ కట్టిన పన్ను కూడా అందులో ఉన్నది. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) వృత్తాంతం మన ఇళ్లలో ప్రసిద్ధమే. ప్రజల పనులు చూస్తున్నంతసేపు బైతుల్ మాల్ నూనెతో వెలిగే దీపాన్ని వాడి, మాటలు సొంత విషయాలవైపు మళ్లగానే దానిని ఆర్పి తన దీపాన్ని వెలిగించుకొన్నారట. ప్రభుత్వం మనకు అనుమతించినది మన అవసరానికి. దానిని వాడుకోవడంలో దోషం లేదు. అవసరం తీరిన తరువాత ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను మాత్రం బైతుల్ మాల్ దీపమే.

అది డబ్బు లెక్క మాత్రమే కాదు. మన అచ్చంపేట మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో ఈగలపెంట వద్ద, కొండ గర్భంలో 900 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉన్నది. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ చెలరేగిన మంటల్లో తొమ్మిది మంది మరణించారు. వారిలో ఒక యువ మహిళా ఇంజనీరు కూడా ఉన్నారు. మనం స్విచ్చి నొక్కగానే వెలిగే దీపం వెనుక అటువంటి మనుషులు రాత్రంతా మేలుకొని ఉంటారు. వారి శ్రమ ఏ బిల్లులోనూ ఉండదు.

మరుసటి నెల ఆ యువకుడు మళ్లీ కనిపించినప్పుడు ఆయతు చదవలేదు. నా 214 యూనిట్ల బిల్లును, 156 యూనిట్ల బిల్లును అతనికి చూపించి, పై మాటలు చెప్పాను. అతడు రెండు కాగితాలనూ త్రిప్పి త్రిప్పి చూసి, “హజ్రత్, మా ఫ్రిజ్‌ కూడా గోడకు ఆనే ఉన్నది” అన్నాడు.

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి ఇషా తరువాత మీ మీటరు అంకెను వ్రాసుకోండి. రేపు ఇషా తరువాత మళ్లీ చూడండి. ఇంట్లో పిల్లలుంటే ఆ పని వారికే అప్పగించండి. వారు మనకంటే నిజాయితీగా లెక్క చెబుతారు. ప్రసాదించిన ప్రతి అనుగ్రహాన్ని గురించి ప్రశ్నించే రోజు ఒకటి ఉన్నదని మనం విశ్వసిస్తాము. ఆ రోజు లెక్క సులభం కావాలని అల్లాహ్‌ను వేడుకొందాము. ఆమీన్.