పట్టా ఫొటో ఫోన్‌లో ఉంటే సరిపోదు

మన గూడేల్లో ఇప్పుడు ఫోనే బీరువా. పోడు పట్టా ఫొటో అందులోనే, గ్రామసభ తీర్మానం అందులోనే, ఫారెస్టోళ్లు మన చేలో కందకం తవ్విన రోజు తీసిన వీడియో అందులోనే, తాత పాడిన పాట కూడా అందులోనే. ఆ ఫోన్ వాగులో పడితే ఏమవుతుంది? స్టోరేజ్ నిండిందని ఎవరో పిల్లగాడు పాత వీడియోలన్నీ కొట్టేస్తే? చాలామంది దగ్గర దీనికి జవాబు లేదు.

ఇది ఫోన్ల ముచ్చట కాదు, భూమి ముచ్చట. 2006 అటవీ హక్కుల చట్టం కింద మనం క్లెయిమ్ చేయాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి మన సాగులో ఉందని చూపాలి. అంటే ఇరవై ఏళ్ల కిందటి సంగతికి ఇవాళ ఆధారం కావాలి. చట్టం నిబంధనల్లో 13వది చదవండి. సర్కారు రికార్డులే సాక్ష్యమని అందులో లేదు. ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, కట్టిన గట్టు సాక్ష్యమే. క్లెయిమ్‌దారు కాని పెద్దమనుషుల మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. వీటిలో ఎన్నో ఇవాళ ఫొటోలుగా, ఆడియోలుగా మన చేతుల్లోనే ఉన్నాయి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిమ్ తిరస్కరించిన వాళ్లను ఖాళీ చేయించమంది. ఆ నెల 28న ఆ ఉత్తర్వును ఆపింది. మధ్యలో ఉన్నవి రెండు వారాలే. అలాంటి రోజు మళ్లీ వస్తే ఎవరి ఫోన్‌లో ఏముందో వెతుక్కునే తీరిక ఉండదు. క్లెయిమ్ తిరస్కరిస్తే పై కమిటీకి పోవడానికి ఇచ్చేది కూడా 60 రోజులే.

"గ్రూపులో పెట్టినం గదా, యాడికి పోతది?" అనే మాట ఎక్కువ వినిపిస్తుంది. పోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి చేరుతుంది. ఏ రోజు, ఎక్కడ తీశామన్న వివరం ఫైల్ లోపల నుంచి ఊడిపోతుంది. పాత ఫొటో మీద నొక్కితే డౌన్‌లోడ్ కాదని చెప్పడం మీరూ చూసే ఉంటారు. కంపెనీ సర్వర్‌లో అది ఎప్పటికీ ఉండదు, మన ఫోన్లలో ఉన్నంత కాలమే ఉంటుంది. తప్పక పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా 'డాక్యుమెంట్'గా పంపండి, అసలు ఫైల్ అలాగే చేరుతుంది. ఇది కోర్టు దాకా పోయే విషయం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద డిజిటల్ ఫైల్‌తో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో 'హ్యాష్' అనే అంకె రాయాలి. అది ఆ ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఫొటోను కొంచెం కత్తిరించినా, రంగు మార్చినా ఆ వేలిముద్ర మారిపోతుంది. కాబట్టి అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టి, పోస్టులకు, స్టేటస్‌లకు కాపీ వాడండి.

మరి ఎందులో దాచాలి? సంతలో దొరికే పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు దూరం దూరం తీసుకుపోవడానికే తప్ప దాచడానికి కావు. లోపల చిన్న చిన్న గదుల్లో కరెంటు చార్జ్ నిలిపి ఉంచడమే వాటి పని, ఆ చార్జ్ ఏళ్ల తరబడి మెల్లగా కారిపోతుంది. పోయేటప్పుడు ముందుగా చెప్పదు కూడా. పైగా నకిలీలు. మీద 512 జీబీ అని రాసి ఉంటుంది, లోపల అందులో పదో వంతు ఉండదు. నిండాక పెట్టిన ఫైళ్లు కనబడతాయి గానీ తెరుచుకోవు. ఎస్‌ఎస్‌డీ వేగం బాగుంటుంది, కానీ అదీ అదే జాతి. కరెంటు పెట్టకుండా ఏళ్ల తరబడి పెట్టెలో ఉంచడానికి పనికిరాదు. ఆ పనికి పాత రకం హార్డ్ డిస్క్ నయం. లోపల పళ్లెం తిరుగుతుంది కాబట్టి కింద పడితే పోయినట్టే. వానాకాలం చెమ్మ తగలకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టాలి. ఎంత బాగా చూసుకున్నా కొన్నేళ్లకు అదీ మొరాయిస్తుంది. సీడీలు, డీవీడీల సంగతి వదిలేయండి, వాటిని చదివే కంప్యూటర్లే కనబడటం లేదు.

గూగుల్ లాంటి క్లౌడ్ మంచిదే, ఒక కాపీ అక్కడ ఉండాల్సిందే. అయితే ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఫొటోలు ఎన్నైనా ఊరికే పెట్టుకోండన్న మాట 2021 జూన్ 1తో ఆగిపోయింది. రెండేళ్లు తెరవని ఖాతాను తీసేస్తామని ఆ కంపెనీయే ప్రకటించింది. ఏజెన్సీలో ఇంకో చిక్కు ఉంది. రీచార్జ్ చేయక సిమ్ ఆగిపోతే కొన్నాళ్లకు ఆ నంబర్ ఇంకొకరికి పోతుంది, ఓటీపీ కూడా వాళ్లకే పోతుంది. అందుకే రికవరీ నంబర్‌గా ఊళ్లో స్థిరంగా ఉండే ఇంకొకరి నంబర్ పెట్టండి.

విత్తనం సంగతి మనకు తెలిసిందే. సొరబుర్రలో బూడిద కలిపి దాచినా అది ఎల్లకాలం ఉండదు. మళ్లీ చేలో వేసి, కొత్త గింజ తీసి దాచుకుంటేనే ఆ రకం బతుకుతుంది. ఒక్క ఇంట్లోనే కాక నాలుగిళ్లలో ఉంటుంది. ఫైల్‌కూ అంతే. ఏ కంపెనీ డిస్క్ కొన్నామన్నది రెండో మాట. రెండు డిస్కులు వేర్వేరు ఇళ్లలో, మూడో కాపీ క్లౌడ్‌లో. వాటిలో ఒకటి తప్పకుండా ఊరి బయట ఉండాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం ఊళ్లు మునిగాయి. అలాంటి నీళ్లొస్తే ఒకే ఇంట్లో పెట్టిన మూడు కాపీలు ఒకేసారి పోతాయి. ఏడాదికోసారి, కొత్తల పండుగప్పుడో ఇంకెప్పుడో, డిస్కులు తెరిచి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. నాలుగైదేళ్లకోసారి కొత్త డిస్క్‌లోకి మార్చాలి. ఒక ఇంటికి ఈ ఖర్చు భారమే, యువజన సంఘం చందా వేసుకుంటే కాదు.

ఫైల్ బతికినా చదవడానికి రాకపోతే ఏం లాభం? మన కరపత్రాలు, పాత అర్జీలు చాలావరకు అను ఫాంట్‌లో టైప్ చేసినవే. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. వాటిని ఇప్పుడే పీడీఎఫ్ చేయండి, కొత్తవి యూనికోడ్‌లో రాయండి. గుంజాల గోండి లిపికి కూడా 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఫైల్ పేరులో తేదీ, ఊరు, మనిషి పేరు ఉండాలి. ఫోన్ పెట్టిన అంకెల పేరు పదేళ్ల తర్వాత ఎవరికీ ఏమీ చెప్పదు.

ఒక మాట గుచ్చుకుంటుంది. 1940లలో హైమండార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే అక్కడ అడగాలి. పదేళ్ల కింద మనమే తీసిన ధర్నా వీడియో మాత్రం మన దగ్గరే లేదు.

అన్నీ అందరికీ పెట్టమని దీని అర్థం కాదు. దేవర పాటలు, పూజ దగ్గర తీసినవి పెద్దలు ఒప్పుకుంటేనే దాచాలి, అవి క్లౌడ్‌లోకి పోకూడదని మా అభిప్రాయం. సాక్ష్యం చెప్పినవాళ్ల ముఖాలున్న ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ ఇద్దరికి తెలియాలి, ఒకరు ఆడపిల్ల అయితే మంచిది. హాస్టళ్లలో చదివొచ్చిన చెల్లెళ్లు ఈ పని నాయకుల కన్నా ఓపిగ్గా చేస్తున్నారు.

2005 నాటికే పెద్దమనుషులైన వాళ్లు ఇప్పుడు ఊరికి నలుగురో ఐదుగురో మిగిలారు. డిస్క్ వచ్చే సంత నాటికి కొన్నా సరే. ఈ వారం వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ చెట్టు నుంచి ఏ వాగు దాకా ఎవరు దున్నారో చెప్పించి రికార్డ్ చేయండి. దాన్ని కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని గ్రామసభ ముందు పెట్టండి.