సాక్షులేనా? పండితులు కారా?

పలాసలో రైలు ఆగుతుంది. బోగీలో చప్పట్లు వినపడగానే సగం మంది నిద్ర నటిస్తారు. మిగతా సగం మంది పది రూపాయలు చేతిలో పెట్టి దీవెన పుచ్చుకుంటారు. పేరడిగే వాడు ఉండడు. కాశీబుగ్గ బజార్లోనైనా, టెక్కలి బస్టాండులోనైనా ఇదే వరస. వాళ్లు అటు వెళ్లగానే నవ్వుకోడానికి మాత్రం 'కొజ్జా', 'పేడి' అనే మాటలు నోటినిండా సిద్ధంగా ఉంటాయి.

'తురకోడు' అన్న మాటలో ఎంత విషముందో తెలిసిన మేం కూడా ఆ నవ్వులో గొంతు కలిపాం. అందుకే మొదటి నేరం మా మీదే మోపుకుంటున్నాం.

మేం ఇన్నాళ్లూ ఏమన్నాం? మా బతుకు మేమే రాసుకుంటామన్నాం. మీ కథల్లో, సినిమాల్లో గీసిన సాయిబు మేం కాదన్నాం. మా గురించి మీరు చెప్పిందే జ్ఞానం, మేం చెప్పుకుంటే గోడు అనే లెక్కను ఒప్పుకోమన్నాం. మరి అదే మాట హిజ్రా అంటే చెవులు ఎందుకు మూసుకున్నాం?

వాళ్లు మాకు పరాయివాళ్లు కూడా కారు. గాయత్రీ రెడ్డి హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మధ్య తిరిగి రాసిన పరిశోధన గ్రంథం 2005లో చికాగో విశ్వవిద్యాలయ ప్రెస్ ద్వారా వచ్చింది. ఏ మతంలో పుట్టినా, హిజ్రాలయ్యాక ముసల్మానులమేనని వాళ్లు చెప్పుకోవడం అందులో ఉంది. మా సలామే వాళ్ల సలాం. మరి మా సంకలనాల్లో వాళ్లేరీ?

ఇంకో చేదు నిజం. నిజాం ఏలుబడిలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టం వచ్చింది. వాళ్ల పేర్లు రిజిస్టరు కెక్కించమంది. ఆడబట్టలతో వీధిలో కనపడితే వారంటు లేకుండా పట్టుకోమంది. ముస్లిం ఏలిక చేశాడని ఈ అన్యాయాన్ని మేం దాచం. తెలంగాణ హైకోర్టు 2023లో దాన్ని కొట్టేసింది. ఆ కేసు నడిపిన వైజయంతి వసంత మొగ్లీ ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి. నూరేళ్ల నాటి చట్టాన్ని వెలికితీసి, అది రాజ్యాంగానికి ఎట్లా విరుద్ధమో వాదించడం పాండిత్యం కాకపోతే ఏమిటి?

'అనుభవం వేరు, శాస్త్రం వేరు' అంటారు పెద్దలు. ఈ మాటలోని మోసం ఉద్దానం మనిషికి విప్పి చెప్పక్కర్లేదు. కిడ్నీ జబ్బు మూలం వెతుక్కుంటూ బృందం వెనక బృందం వచ్చింది. రక్తం, మూత్రం, తాగే నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఇంగ్లీషులో వ్యాసాలు అచ్చయ్యాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆ వ్యాసాలను జీడిపిక్కలు కొట్టే తల్లికి తెలుగులో చదివి చెప్పినవాళ్లెందరు? ఒళ్లు ఆమెది, పేరు వేరేవాళ్లది. హిజ్రా దగ్గరకు టేపురికార్డరుతో వెళ్లే పరిశోధకుడూ ఇదే పని చేస్తే, కన్నీళ్లు ఆమెకు, డాక్టరేటు ఆయనకు!

రేవతి సంగతి చూడండి. తన ఆత్మకథకు ముందే ఆమె తమిళంలో తోటి హిజ్రాల జీవితాలను వాళ్ల మాటల్లోనే సేకరించి పుస్తకం వేసింది. ఊళ్లు తిరిగి, విని, పోల్చి, రాసింది. ఇంతకన్నా పరిశోధన అంటే ఏమిటి? ఆమె ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేస్తే 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. సత్యవతిగారి శ్రమకు మా సలాం. కానీ అరవం నుంచి ఇంగ్లీషుకూ, ఇంగ్లీషు నుంచి తెలుగుకూ దాటి వచ్చిన గొంతుకే గౌరవమా? మన వీధిలో, మన కళింగాంధ్ర యాసలో మాట్లాడే గొంతును రాయమని అడిగిందెవరు?

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలోని ఒక అధ్యయన కేంద్రం ట్రాన్స్‌జెండర్ అధ్యయనాల్లో మంచి రచనకు సిల్వియా రివేరా పేరిట పురస్కారం పెట్టింది. రివేరా ప్రొఫెసరు కాదు. వీధిలో బతికి వీధిలోనే పోరాడి 2002లో చనిపోయిన మనిషి. అక్కడ పండితులు వీధి మనిషి పేరు నెత్తిన పెట్టుకున్నారు. ఇక్కడ వీధి మనిషిని గడప తొక్కనిచ్చారా?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మందిని 'ఇతరులు' అనే గడిలో రాశారు. ఇతరులు! ఈ మాట రుచి మాకు బాగా తెలుసు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వాళ్లను మూడో జెండరుగా గుర్తించింది. కోర్టుకు కనపడిన మనిషి సాహిత్యానికి కనపడలేదంటే ఆ గుడ్డితనం ఎవరిది?

మేం అడిగేది దయ కాదు. ఎచ్చెర్లలో అంబేద్కర్ పేరున్న విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ హిజ్రాల రచనలు పాఠం కావాలి. వాళ్ల మాటలతో గ్రంథం రాసేవాళ్లు అట్ట మీద వాళ్ల పేరూ వెయ్యాలి, ప్రతిఫలమూ ఇవ్వాలి, అచ్చుకు ముందు వాళ్లకు తెలుగులో చదివి వినిపించాలి. వాళ్లు వద్దన్న వాక్యం కొట్టెయ్యాలి. ఇక మేం? మా తర్వాతి సంకలనంలో వాళ్లకు పేజీలు ఇస్తాం. దిద్దుబాటు పేరుతో వాళ్ల భాషను కడిగెయ్యం.

రేపు మళ్లీ పలాసలో రైలు ఆగుతుంది. చప్పట్లు వినపడతాయి. ఈసారి కళ్లు మూసుకోకుండా పేరడగండి. దీవెన ఇచ్చే ఆ మనిషికి చెప్పడానికి ఒక పుస్తకమంత ఉంది.