ఆటు వేళతో మొదలయ్యే ప్రయాణం

న్యూజిలాండ్ దక్షిణ దీవికి ఉత్తరపు కొసన ఏబెల్ టాస్మన్ నేషనల్ పార్క్ ఉంది. దాని తీరం వెంబడి 60 కిలోమీటర్ల కాలిబాట. తీరిగ్గా నడిస్తే మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఒకవైపు పచ్చటి అడవి, ఇంకోవైపు బంగారు రంగు ఇసుక. ఈ దారిలో అవారోవా అనే చోట సముద్రపు పాయ లోపలికి చొచ్చుకొచ్చి బాటను తెంపేస్తుంది. అక్కడ వంతెన లేదు. నీళ్లు బాగా దిగిపోయే ఆటు వేళకు గంటన్నర ముందు నుంచి, ఆ వేళ దాటాక రెండు గంటల వరకు మాత్రమే కాళ్లు తడుపుకుంటూ అవతలికి పోవచ్చు. పోటెక్కితే మళ్లీ ఆటు వచ్చేదాకా ఒడ్డున కూర్చోవాల్సిందే. ఇదే బాటలో టోరెంట్ బే, బార్క్ బే దగ్గర నీళ్లు పెరిగితే చుట్టుదారి ఉంది. అవారోవాలో అదీ లేదు.

అంత డబ్బున్న దేశానికి అక్కడొక వంతెన కట్టడం పెద్ద లెక్క కాదు. కట్టలేదు. అందుకే ఆ ప్రాంతంలో పదీ పదిహేను రోజులు తిరగాలనుకునేవాడు ముందుగా తన సెలవుల క్యాలెండర్ తియ్యడు. ఆటుపోట్ల పట్టిక తీస్తాడు. ఆటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పగటి పూట హాయిగా దాటగలిగే రోజేదో చూసుకుని, అక్కడి నుంచి ముందుకీ వెనక్కీ లెక్క కట్టుకుంటాడు. ప్రణాళిక మధ్యలో మొదలై రెండు చివర్లకూ పాకుతుందన్నమాట.

న్యూజిలాండ్‌లో ఈ మూల నాకు నచ్చడానికి కారణం ఇంకోటి ఉంది. కొండలూ అడవీ, సముద్ర తీరం, ద్రాక్షతోటలు మూడూ ఒకదానికొకటి కొన్ని గంటల కారు ప్రయాణంలో దొరుకుతాయి. వెల్లింగ్టన్ నుంచి మూడున్నర గంటల ఓడ ప్రయాణం చేస్తే పిక్టన్. అక్కడికి అరగంట దూరంలో బ్లెన్‌హైమ్, దాని చుట్టూ మార్ల్‌బరో ద్రాక్షతోటలు. పశ్చిమానికి వెళ్తే నెల్సన్ లేక్స్ కొండలు, ఇంకా పైకి వెళ్తే ఏబెల్ టాస్మన్. కానీ ఈ మూడింటికీ మూడు వేర్వేరు గడియారాలున్నాయి. ఆటుపోట్లు ఏ రోజు ఏ నిమిషానికి వస్తాయో ఏడాది ముందే చెప్పొచ్చు. కొండల్లో వాన సంగతి రెండు మూడు రోజుల ముందు తప్ప ఎవరూ చెప్పలేరు. ద్రాక్షతోటకు ఎప్పుడు వెళ్లినా అది అక్కడే ఉంటుంది.

కాబట్టి వరస దానంతటదే తేలిపోతుంది. తీరపు నడక తేదీ ముందు ఖాయం చేసుకోవాలి. కొండల నడకను దానికి ముందు పెట్టుకుని, పక్కన ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. ద్రాక్షతోటలు ఆఖర్న. ఒక రోజు పోయినా అక్కడ నష్టం లేదు. మన ప్రయాణాలు చాలావరకు దీనికి తలకిందులుగా ఉంటాయి. హోటల్ దొరికిన తేదీ ముందు, వానా వరదా తర్వాత.

కొండల సంగతి కాస్త చెప్పుకోవాలి. నెల్సన్ లేక్స్‌లో బ్లూ లేక్ అనే చిన్న సరస్సు ఉంది. రోడ్డు దిగి కొండల్లో రోజుల తరబడి నడిస్తే గానీ కనబడదు. నీళ్లలోకి డెబ్భై, ఎనభై మీటర్ల దూరం చూడొచ్చని శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. ప్రపంచంలోనే ఇంత తేటగా ఉండే మంచినీటి సరస్సు మరొకటి లేదంటారు. ఒడ్డుకు చేరినవాళ్లు అందులో దిగకూడదు, సీసా కూడా ముంచకూడదు. అది ఙాటి అపా అనే మావోరీ తెగకు పవిత్ర స్థలం. చెమటతో, దుమ్ముతో అంత దూరం వచ్చి నీళ్లు చూస్తూ కూర్చోవడమేమిటని మనకు అనిపించొచ్చు. కానీ అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఈ మాట పాటిస్తారు.

ఆ కొండల్లో నదులకు చాలాచోట్ల వంతెనలుండవు. పంతొమ్మిదో శతాబ్దంలో నదులు దాటబోయి కొట్టుకుపోయినవాళ్లు ఎంతమందంటే, నీట మునిగి చావడానికి 'న్యూజిలాండ్ చావు' అన్న పేరే పడింది. ఇప్పటికీ అక్కడి సూత్రం ఒక్కటే: నీళ్లు పెరిగితే దాటొద్దు, ఒక రోజు ఆగు. ఆ ఒక రోజుకు సరిపడా తిండి సంచిలో ఉండాలి. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగొచ్చేదీ ఊళ్లో ఎవరో ఒకరికి చెప్పి వెళ్లాలి. దారిలో హట్ అనబడే బస దగ్గర పుస్తకంలో పేరూ, తర్వాత పోయే చోటూ రాయాలి. ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఆపదలో ఉపగ్రహం ద్వారా కబురందించే చిన్న బీకన్ పరికరం అద్దెకు తీసుకోవాలి. ఇవన్నీ కొమ్ములు తిరిగిన పర్వతారోహకుల జాగ్రత్తలు కావు. మామూలు కుటుంబాలు చేసే పనులు.

ఆక్లాండ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి ఇటు రావాలనుకునే మన పెద్దలకు రెండు మాటలు. విమానాశ్రయంలో ఆవకాయ సీసా గురించి ముందే ఫారంలో రాయండి. తినే వస్తువును రాయకుండా దాచితే 400 డాలర్ల జరిమానా. మట్టి అంటిన బూట్లు కూడా చూపించాలి. ఏబెల్ టాస్మన్ హట్లలో పొయ్యి ఉండదు, అన్నం వండుకోవాలంటే స్టవ్వు మోసుకెళ్లాలి. కారు మాత్రం మనలాగే ఎడమ వైపు నడుపుతారు. క్రిస్మస్ నుంచి జనవరి ఆఖరు దాకా వాళ్ల బడులకు సెలవులు, ఆ రోజుల్లో కిక్కిరిసి ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి మేలు. ఇక శాండ్‌ఫ్లై అనే బుల్లి ఈగల గురించి ఎంత చెప్పినా తక్కువే.

అక్కడి నేషనల్ పార్కుల్ని చూసేది 1987లో పెట్టిన పరిరక్షణ శాఖ. పేరున్న బాటల మీద రాత్రి ఎంతమంది ఉండాలన్నది హట్లలో ఉన్న పరుపులూ, డేరా వేసుకునే చోట్లూ తేలుస్తాయి. అవి నిండితే సరి, ఎవరి సిఫారసూ పనిచెయ్యదు. మిల్ఫర్డ్ బాటకు బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే చోట్లన్నీ అయిపోతాయి. విదేశీయుల దగ్గర ఎక్కువ వసూలు చేస్తారు. అది నాకు తప్పనిపించదు. పన్ను కట్టేది అక్కడివాళ్లు కదా.

ఈ పట్టుదల వాళ్లకు పుట్టుకతో రాలేదు. 1995 ఏప్రిల్ 28న పశ్చిమ తీరంలో, పపరోవా నేషనల్ పార్క్‌లోని కేవ్ క్రీక్ దగ్గర లోయ మీదికి కట్టిన చెక్క వేదిక కూలింది. చూడ్డానికి వచ్చిన పాలిటెక్నిక్ విద్యార్థులు 13 మంది, పరిరక్షణ శాఖ ఉద్యోగి ఒకరు చనిపోయారు. విచారణలో తేలింది విని దేశం నివ్వెరపోయింది. ఆ వేదికకు ఇంజనీరు గీసిన నమూనా లేదు, అనుమతి లేదు, బోల్టులు ఉండాల్సిన చోట మేకులు కొట్టారు. అది కట్టింది ఏ కాంట్రాక్టరో కాదు, ప్రభుత్వ శాఖే. శాఖ చూసే మంత్రి డెనిస్ మార్షల్ మరుసటి ఏడాది పదవి వదులుకున్నారు. అప్పటి నుంచి దేశమంతటా బాటల మీది వంతెనలనూ వేదికలనూ లెక్క రాసి, పరీక్షించి, పనికిరానివాటిని తీసేశారు. ఇప్పుడు అడవిలో ఏ వేలాడే వంతెన దగ్గరికి వెళ్లినా ఒకసారికి ఎంతమంది ఎక్కాలో బోర్డు ఉంటుంది. కొన్నిచోట్ల ఆ అంకె ఒకటి.

మనకూ అలాంటి రోజు ఒకటుంది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. పదుల ప్రాణాలు పోయాయి. నది అప్పుడు పెద్ద వరద మీద ఉంది. ఆ రోజు ఆదివారం. జనం వచ్చింది వారం చూసుకుని, నది ఉన్న తీరు చూసుకుని కాదు. ధర్మాడి సత్యం బృందం నెల దాటాక బోటును బయటికి లాగింది. నాకు గుర్తున్నంతలో పత్రికల్లో ఎక్కువ స్థలం ఆ లాగుడుకే దక్కింది. తర్వాత బోట్ల మీద కన్నేసి ఉంచే కంట్రోల్ రూములు వచ్చాయి, మంచిదే. అయితే గోదావరి ఇంత మట్టానికి వస్తే బోటు కదలదు అన్న అంకె రేవుకొచ్చే ప్రతి ప్రయాణికుడికీ ఇంట్లోనే తెలిసి ఉండాలి. అవారోవా ఆటు వేళ ఆ నడకకు వచ్చేవాడికి తెలిసి ఉన్నట్టు. 'ఈ రోజు కుదరదు' అనే అధికారం ఎవరిదో, అన్నందుకు వాళ్ల మీద ఒత్తిడి రాకుండా చూసేది ఎవరో కూడా తేలాలి.

ద్రాక్షతోటల దగ్గరికి వస్తాను. మార్ల్‌బరో వైరావు లోయ ఒకప్పుడు గొర్రెలు మేసే నేల. గులకరాళ్లు, తక్కువ వాన, పగలు ఎండ, రాత్రి చలి. 1973లో మాంటానా అనే సంస్థ అక్కడ పెద్ద ఎత్తున ద్రాక్ష నాటింది. ఇప్పుడు దేశంలో తయారయ్యే వైన్‌లో మూడింట రెండు వంతులకు పైగా ఆ ప్రాంతానిదే. సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌కు అది పేరు. రెన్‌విక్ ఊరి చుట్టూ తోటలు పక్కపక్కనే, నేల చదును. సైకిల్ అద్దెకు తీసుకుని ఒక తోట నుంచి ఇంకో తోటకు పోవచ్చు, తాగినవాడు కారు ముట్టే అవసరం రాదు. తాగనివాళ్లకు హావెలాక్‌లో ఆకుపచ్చ ఆల్చిప్పల కూర ఉంది. తోటవాడు తన తోటలోనే కూర్చోబెట్టి, ఆ ఏడాది మంచు ఎలా పడిందో, హెలికాప్టర్లు తిప్పి దాన్ని ఎలా చెదరగొట్టాడో చెప్తూ వైన్ పోస్తాడు. సీసా అమ్మే లాభం కూడా అతనిదే. అయితే ఆ లోయంతా ఒకే పంట పరుచుకుపోయింది. కంటికి అందమే, నేలకు మంచిదని నేను అనను.

మన దగ్గర దీనికి సాటి ఎక్కడుందంటే, విశాఖ నుంచి అరకు దారిలో. సముద్రం, తూర్పు కనుమలు, తోటలు మూడూ ఒక్క పగటి ప్రయాణంలో. ఇక్కడ ద్రాక్షకు బదులు కాఫీ. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ఆ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన ఆదివాసీ కుటుంబాలు పండించే ఆ కాఫీ కోతకొచ్చేది నవంబర్ నుంచి. సరిగ్గా జనం పోటెత్తే రోజులే అవి. కానీ వచ్చినవాళ్లలో ఎక్కువ మంది బొంగులో చికెన్ తిని, లంబసింగి మంచులో ఫోటో దిగి, వంజంగి కొండ మీద ప్లాస్టిక్ వదిలి వెళ్తారు. పండు కోసే ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ ఇంటివాళ్లకే డబ్బిచ్చి ఒక కప్పు తాగినవాళ్లు ఎందరు?

అరకులో న్యూజిలాండ్ పద్ధతిని యథాతథంగా దించలేం. అక్కడి నేషనల్ పార్కుల్లో ఊళ్లు దాదాపు ఉండవు. మావోరీలు తమ నేల ఎలా పోగొట్టుకున్నారన్నది వేరే కథ. మన అడవుల్లో జనం ఉన్నారు, వాళ్ల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది, ఉండాలి. మనకు తగిన పాఠం అక్కడే ఇంకో బాట మీద దొరుకుతుంది. మార్ల్‌బరోలోని క్వీన్ షార్లట్ బాట కొంత దూరం ప్రైవేటు భూముల గుండా పోతుంది. ఆ భూముల యజమానులు కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. నడిచేవాడు వాళ్ల పాసు కొనాలి, ఆ డబ్బు బాట బాగోగులకు వెళ్తుంది. మారేడుమిల్లి దగ్గర వన సంరక్షణ సమితులు బస నడుపుతున్న అనుభవం మనకు ఇప్పటికే ఉంది. అరకు కాఫీ తోటల మధ్య నడకదారికి గ్రామసభే పాసు అమ్మితే అడ్డేముంది?

పరిమితి అనగానే మన జనం ఒప్పుకోరని అధికారులంటారు. నేను నమ్మను. నల్లమలలో సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే. మిగతా ఏడాది ఆ లోయ మూసే ఉంటుంది, భక్తులు అలిగి మానలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలు వేటకు పోవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మత్స్యకారులకు తెలుసు. దేవుడి విషయంలో, చేప విషయంలో ఒప్పుకున్నవాళ్లం ఆదివారం విహారానికి ఒప్పుకోమా?

జనం అడ్డం కాదనడానికి అవారోవాలోనే ఇంకో రుజువుంది. 2016లో అక్కడొక ప్రైవేటు బీచ్ అమ్మకానికి వస్తే, దాదాపు నలభై వేల మంది చందాలు వేసుకుని ఇరవై లక్షల డాలర్లకు పైగా పోగు చేసి, కొని, నేషనల్ పార్క్‌లో కలిపేశారు. పరిమితులు విధించే ఆ పరిరక్షణ శాఖ చేతికే అప్పగించారు.

ఈ డిసెంబర్ లోపు మన పర్యాటక శాఖ చెయ్యాల్సిన పని ఒకటుంది. పాపికొండల బోటు ఏ నీటిమట్టం దాటితే ఆగాలో, వంజంగి కొండ మీదికి రోజుకు ఎందరు ఎక్కాలో, లంబసింగిలో ఎన్ని వాహనాలు నిలవాలో అంకెలు తేల్చి తెలుగులో బోర్డు పెట్టాలి. రిసార్టుల టెండర్లు ఆ తర్వాతే పిలవాలి.