లేచి నిలబడే హక్కు

నడుము నొప్పి ఆడవాళ్ళకు మామూలేనని ఇంట్లోనూ, పనిచోటా, ఆఖరికి ఆసుపత్రిలోనూ కొట్టిపారేస్తారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలను చూడండి. ఒళ్ళో చేట పెట్టుకుని, ముందుకు వంగి గంటల తరబడి కూర్చుంటారు. కదలిక లేని నడుము బిగుసుకుపోతుంది. గంటకోసారి లేచి, నడుము మీద చేతులు ఆన్చి మెల్లగా వెనక్కి వంగి, నాలుగడుగులు వేస్తే ఆ బిగువు సడలుతుంది. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరెక్కినా మాత్రం డాక్టరుకు చూపించాలి.

ఈ సలహా ఇవ్వడం తేలికే. కానీ వెయ్యి బీడీలకింత అని లెక్కగట్టే పనిలో, లేచిన ప్రతి నిమిషమూ ఆమె కూలిలోంచే పోతుంది. గంటకు 5 నిమిషాలంటే ఎనిమిది గంటలకు 40 నిమిషాలు. ఆ విశ్రాంతి ఖరీదు ఎవరు భరించాలి?

కేరళలో బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలు పోరాడి, 2018లో కూర్చునే హక్కును చట్టంలోకి ఎక్కించారు. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టమే చేసింది. కూర్చోవడం హక్కయినప్పుడు లేచి నిలబడడమూ హక్కే. బీడీ కూలి రేటు నిర్ణయించేటప్పుడు ఈ విశ్రాంతి సమయాన్ని కూడా కలిపి లెక్కగట్టాలని మనం అడగాలి. ఆరోగ్య శిబిరాల్లో వ్యాయామం నేర్పే కార్యకర్తలు అక్కడే కూలి మాట కూడా ఎత్తాలి. లేకపోతే నడుము బాగుచేసుకునే భారాన్ని కూడా ఆమె నెత్తినే పెట్టినవాళ్ళమవుతాం.